మూత పడింది

లేతు మిషను తీసుకుపోవడానికి పదకొండు గంటలకు పిడుగురాళ్ళ నుంచి మనుషులొస్తారని తెలిసిన దగ్గర్నుంచి సుందరి షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. తనను తోసుకుని లోపలికి పోయే మొనగాడెవడో చూస్తానని పొద్దున్నే వీధంతా వినేలా చెప్పింది. పొయ్యి ముట్టించలేదు. ఆదివారాలు చర్చిలో పాట అందుకునే గొంతు అది. అదే గొంతుతో ఇప్పుడు మొగుణ్ణి తిడుతోంది, ఎక్కడా శ్రుతి తప్పకుండా.

తిట్లు తింటున్న దానియేలు ఆమె వెనకే షెడ్డులో నిలబడి, ఇరవై ఏడేళ్ళు తనకు అన్నం పెట్టిన లేతును నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. బేరం కుదిరిపోయిన మిషను. రేపటి నుంచి ఎవడి చేతి కిందో తిరగబోయే మిషను. దాని సందుల్లో ఇరుక్కున్న ఇనుప రజను పుల్ల పెట్టి మరీ గీకుతున్నాడు మహానుభావుడు.

షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒక్క తలుపే. ఆ తలుపు ఇవతల గదిలో వాళ్ళ కూతురు ఏంజెల్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక మూత బొమ్మ గీస్తోంది.

తొమ్మిది రోజులుగా అదే మూత. తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది. లోపల మాత్రం పన్ను పీకే ముందు డాక్టరు సూది వేసిన దవడలా ఉంది. తనదే, కానీ తనకు తెలియడం లేదు. ఏడుపొస్తే బాగుండునని రెండుసార్లు బాత్రూంలో గడియ పెట్టుకుని ప్రయత్నించింది. రాలేదు. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ బొమ్మ ముందు కూర్చుంది.

వరికోత మిషను ఇంజనుకు గాలి పీల్చుకునే డబ్బా ఒకటుంటుంది. డబ్బాలో ఫిల్టరు, డబ్బా చివర మూత. చేలో లేచే దుమ్మూ పొట్టూ ఇంజన్లోకి పోకుండా ఆపేది ఫిల్టరు, ఆ ఫిల్టరు జారిపోకుండా పట్టి ఉంచేది మూత. కంపెనీ మూతలకుండే క్లిప్పులు రెండు సీజన్లకే విరిగిపోతుంటే, క్లిప్పుల్లేకుండా తిప్పితే లాకయ్యే మూతను ఏంజెల్ తయారుచేసింది. ఇంజినీరింగ్ చదువుకున్న పిల్ల. గీసింది తను, లేతు మీద చేసిపెట్టింది నాన్న. అలా చేసిన మొదటి మూతను నాన్న స్నేహితుడు ముర్తుజా కోత మిషనుకు బిగించారు.

ఆ మిషను ఆ రోజు శావల్యాపురం దగ్గర చేలో నడుస్తోంది. మధ్యాహ్నం మూత ఊడి కిందపడింది. దాని వెనకే ఫిల్టరూ జారిపోయింది. డ్రైవరు ఆనంద్ బాబు షెడ్డుకు ఫోన్ చేసి చెప్పాడు. షెడ్డు నుంచి నడుపుకోమన్నారు. చేసిన వాళ్ళే నడుపుకోమంటే మధ్యలో తనదేం పోయిందని అతను నడిపాడు. పొద్దుగూకే లోపు ఇంజను దుమ్ము తిని, నల్లటి పొగ కక్కి, చేను మధ్యలో నిలబడిపోయింది. తెల్లారి వాన పట్టుకుంది. కొయ్యాల్సిన వరి నేలకొరిగి మొలకెత్తింది.

మూత లేకుండా నడుపుకోమన్న మహాశయుడెవడని నరసరావుపేట నుంచి సత్తెనపల్లి దాకా కోత మిషన్ల వాళ్ళంతా అడిగారు. నేనే అన్నానని దానియేలు ఆ వానలోనే, ఆ చేలోనే, అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత షెడ్డు గుమ్మం తొక్కినవాడు లేడు. లేతును బేరానికి పెట్టాడు. ఒకటో తారీఖు నుంచి స్పిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరతానని మాట్లాడుకుని కూడా వచ్చాడు.

సుందరి మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చింది. చెంబెడు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఈసారి కూతురి మీద పడింది.

"నువ్వన్నా చెప్పవే మీ నాన్నకి. నోట్లో బెల్లం పెట్టుకు కూర్చుంటావేంది?"

ఏంజెల్ స్క్రీను వైపే చూసింది.

"మూత కిందపడిందిరా నాయనా అని వాడు మొత్తుకుంటంటే, నడుపుకో అన్నాడంట. ముప్పై ఏళ్ళ పనోడు. పదిమంది నోట్లో మట్టి కొట్టాడు. ఎట్టా అన్నావయ్యా అంటే మాట్లాడడు. చెవుల్లో దూది పెట్టుకున్నావా అంటే మాట్లాడడు. ఆయన చేసిన తప్పుకి నువ్వెందుకే మొహం మాడ్చుకుని చస్తావు?"

షెడ్డులో పుల్ల గీకుడు ఆగింది. తలుపవతల దానియేలు వింటున్నాడని ఏంజెల్‌కు తెలుసు. "అమ్మా" అంది. సుందరి ఏమిటన్నట్టు చూసింది. ఏం లేదంది ఏంజెల్. సుందరి చెంబు బల్ల మీద టంగుమని పెట్టి మళ్ళీ తన స్టూలు దగ్గరికి వెళ్ళిపోయింది. గీకుడు మొదలైంది.

ఆ మాట దానియేలు అనలేదు. అన్నది ఏంజెల్.

ఆ రోజు పొద్దున మూత బిగించి పంపేటప్పుడు ఆనంద్ బాబుకు అన్నీ చెప్పింది ఆమే. మధ్యాహ్నం ఒకసారి మూత తీసి ఫిల్టరు దులపమంది. మళ్ళీ పెట్టి తిప్పితే టక్కుమని సౌండొస్తుంది, అప్పుడు లాకు పడ్డట్టు, పడగానే ఫోన్ చెయ్యమంది. ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. దానియేలు లేతు మీదున్నాడు. కిటికీలో ఉన్న ఆయన ఫోను ఏంజెల్ ఎత్తింది.

"మూత పడిందమ్మా," అన్నాడు ఆనంద్ బాబు.

"గట్టిగా పడిందా అన్నా?"

"గట్టిగానే పడింది. సౌండు కూడా వచ్చింది."

"ఇంకేం మరి. నడుపుకో."

లాకు పడినా పడిందే, కిందపడినా పడిందే. ఇవతల లేతు రొద, అవతల ఇంజను రొద. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తెలుగే మాట్లాడుతున్న ఇద్దరు మనుషులు ఒకే మాటను చెరో అర్థంలో విని, ఒకరికొకరు సరేననుకుని, నిమ్మళంగా ఫోన్లు పెట్టేశారు.

సాయంత్రం చేలోకి వెళ్ళి ఆనంద్ బాబుతో రెండు మాటలు మాట్లాడగానే దానియేలుకు జరిగింది అర్థమైంది. అతని చేతులు పట్టుకుని, పాప పేరు ఎత్తొద్దని బతిమాలుకున్నాడు. వచ్చే సోమవారం గుంటూరు ఆటోనగర్‌లో ఫిల్టర్ డబ్బాలు చేసే కంపెనీ వాళ్ళకు ఏంజెల్ తన మూత చూపించాలి. నచ్చితే అక్కడే డిజైను పని. మొదటి మూత ఊడిపడిందనీ, ఊడినాక నడుపుకోమన్నది కూడా ఈ పిల్లేననీ తెలిస్తే ఎవడు గేటు లోపలికి రానిస్తాడు? అందుకని మూత చేసిందీ తనే, మాటన్నదీ తనే అని రెండూ నెత్తికెత్తుకున్నాడు.

ఏంజెల్ నోరు తెరిచే లోపే అదంతా అయిపోయింది. ఆ రోజు తెరవాల్సిన నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. మూడో రోజుకి ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియకుండా పోయింది. పిరికితనమంటే ఏదో వణికిపోవడం అనుకునేది. ఇదేమీ వణుకు కాదు. వేళకింత తిని ఊరకే కూర్చోవడం.

కాసేపటికి దానియేలు చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. బల్ల మీద కొత్త మూత ప్లాస్టిక్ నమూనా, పక్కన డబ్బా ముక్క ఉన్నాయి. ఏంజెల్ తను చదివిన కాలేజీలో త్రీడీ ప్రింటు తీయించి తెచ్చింది. ఇన్ని రోజుల్లో ఆయన వాటిని ముట్టుకోలేదు. ఇవాళ మూతను చేతిలోకి తీసుకుని వెలుగు వైపు తిప్పి చూశాడు.

"చెప్పు," అన్నాడు.

ఏంజెల్ బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. పాత మూత అంచున లాకు పట్టే చెవులు రెండే, దీనికి మూడు. మూడింటి మధ్యా దూరం వేరువేరుగా పెట్టింది కాబట్టి ఒక్క తీరులో తప్ప కూర్చోదు. తిప్పితే చెవి గాడిలో జారుతుంది. గాడి చివర చిన్న గుంట ఉంది. చెవి వెళ్ళి ఆ గుంటలో ప... అక్కడ ఆమె నాలుక ఆగింది. గుంటలో కూర్చుంటుంది అని మార్చుకుంది. అడుగున రబ్బరు వాషరు దాన్ని ఎగదన్ని పట్టుకుంటుంది, ఇంజను ఎంత అదిరినా వెనక్కి తిరగదు. అంచున చిన్న కన్నం. లాకు పూర్తి కాకపోతే ఆ కన్నంలో ఎర్రరంగు కనపడుతుంది.

దానియేలు మూతను డబ్బాకు పెట్టి తిప్పాడు. తీశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టి తిప్పాడు.

"ఎరుపు ఎవరికి కనపడిద్ది? గంట నడిస్తే మిషనంతా దుమ్ము రంగే. కంటిని నమ్మమాక."

"సౌండు కూడా వచ్చిద్ది నానా."

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. గుమ్మంలోంచి సుందరి గొంతు వినపడుతోంది. పక్కింటి నిర్మల ఇడ్లీలు తెచ్చినట్టుంది, ఆమెకు మళ్ళీ మొదటి నుంచీ చెబుతోంది.

దానియేలు పెన్సిలు తీసుకుని, లాప్‌టాప్ పక్కనున్న పాత కరెంటు బిల్లు వెనక గీశాడు. మూతకు బొటనవేలంత కొమ్ము ఒకటి పెట్టమన్నాడు. లాకు పూర్తయితే ఆ కొమ్ము డబ్బా వారకు ఒదిగిపోవాలి, కాకపోతే బయటికి పొడుచుకుని ఉండాలి. కోత మిషనులో డబ్బాకు అడ్డంగా జాలీ తలుపు ఎలాగూ ఉంటుంది. కొమ్ము తగిలితే ఆ తలుపు మూసుకోదు. తలుపు మూసుకోకపోతే ఎంత తొందరలో ఉన్న డ్రైవరైనా చెయ్యి పెట్టి చూస్తాడు.

"ఎవురూ ఎవురికీ ఫోన్ చేసి అడగాల్సిన పనుండదు," అన్నాడు చివర్న, చాలా మెల్లిగా.

ఏంజెల్ గీసింది. అంతకంటే మంచి ఉపాయం లేదని గీస్తుండగానే తెలిసిపోయింది. మామూలు రోజైతే ఎగిరి గంతేసేది. ఇప్పుడు కొలతలు వేసింది, అంతే. ఇంత బుర్ర ఉన్న మనిషి ఒకటో తారీఖు నుంచి ఖాకీ చొక్కా వేసుకుని లారీలకు గేటు తీస్తాడు. తీయనిస్తోంది తను.

"నానా, ఆ రోజు ఫోను..."

"ఏ ఫోను?"

"నేనే గదా..."

"కొమ్ము మందం పెంచు. విరిగిపోద్ది." మూతను బల్ల మీద జాగ్రత్తగా బోర్లించాడు. "సోమారం ఆ నీలం డ్రెస్సు ఏసుకో. ఆ జుట్టేంది, దువ్వుకో."

ఆయన తలుపు దాటుతుండగానే బయట బండి ఆగిన చప్పుడైంది. ముర్తుజా వచ్చాడు. పొద్దుటి నుంచి ఎవరినీ కదలనివ్వని సుందరి అతన్ని చూడగానే లేచి దారిచ్చింది. చేలో మిషను పోగొట్టుకున్నవాడతనే. అయినా ఇన్ని రోజుల్లో ఒక్క పరుషమైన మాట అననివాడు కూడా అతనొక్కడే. దానియేలుతో అతనిది ఇరవై ఏళ్ళ స్నేహం. ఏంజెల్‌కు ముర్తుజా బాబాయ్.

ముగ్గురూ గదిలోకి వచ్చారు. ముర్తుజా కూర్చోలేదు. జేబులోంచి ఫోనొకటి తీశాడు. అది తనది కాదు, ఆనంద్ బాబుది. తనకు అన్నం సయించడం లేదన్నాడు. బోల్టుకు బోల్టు మూడుసార్లు తడిమి చూసే దానియేలన్న, మూత లేకుండా నడుపుకోమన్నాడంటే ఎవరు నమ్మినా తను నమ్మలేకపోతున్నాడట. అసలు ఆనంద్ బాబు ఫోనే చేసి ఉండడని, ఒకే చర్చి వాడని దానియేలు అతన్ని కాపాడుతున్నాడని మొదట ముర్తుజా అనుమానం. నిలదీస్తే డ్రైవరు నేల చూపులు చూస్తున్నాడట. పొద్దున ఫోను లాక్కుని చూస్తే, ప్రతి ఫోన్ కాలూ దానంతటదే రికార్డవుతుందని తెలిసింది. ఆ రోజుదీ ఉంది.

"నేనింకా ఇనలా. నీ ముందే ఇందామని తెచ్చా అన్నా. నువ్వా మాట అనలేదని నాకు తెలుసు. ఇది ఇన్నాక నీ లేతు ఎవడు కదిలిస్తాడో చూస్తా."

దానియేలు ముందుకొచ్చాడు. ఎందుకిప్పుడు తవ్వుకోవడం అన్నాడు. ఆనంద్ బాబు చేశాడు, తను అన్నాడు, అయిపోయింది అన్నాడు. అంటూనే ఫోను మీదకు చెయ్యి చాచాడు. ముర్తుజా వెనక్కి తీసుకున్నాడు.

"పెట్టు భాయ్," అంది సుందరి. ఆమె కళ్ళలో చాలా రోజుల తర్వాత ఆశ కనపడింది. "ఈయన నోట ఒక్క ముక్క రాలా. ఏమన్నాడో నేనూ ఇంటా."

ముర్తుజా ఫోనును బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని, తేదీలు వెతకసాగాడు.

"అందులో గొంతు నాది బాబాయ్," అంది ఏంజెల్.

బిందెలో నీళ్ళయిపోయాయని చెప్పినంత మామూలుగా అంది. ఇన్ని రోజులు గొంతులో అడ్డం పడ్డ మాట అంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని ఆమే ఆశ్చర్యపోయింది.

ముందుగా తేరుకున్నది దానియేలు. అబద్ధం అన్నాడు. నా కోసం అబద్ధమాడుతోంది, దాని మాట పట్టుకోవద్దు అన్నాడు. భార్య ఎన్ని తిట్టినా పెగలని గొంతు అది, ఇప్పుడు గదంతా మోగింది.

సుందరి కూతుర్ని చూస్తోంది. దువ్వని జుట్టు, బల్ల మీద మూత, ఉలకని పలకని మొహం. తరవాత మొగుణ్ణి చూసింది. ఏ తప్పుకని తను ఇన్ని రోజులు ఆయన్ను వీధిలో పెట్టి తిట్టిందో ఆ తప్పు ఆయనది కాదని ఆమెకు తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఆమె అరచెయ్యి వెళ్ళి ఫోను మీద పడింది.

"వద్దులే భాయ్," అంది. "ఆయనే అన్నాడు. నేను పక్కనే ఉన్నా. నా చెవుల్తో ఇన్నా."

ముర్తుజా కళ్ళజోడు తీశాడు.

"ఆ రోజు నువ్వు సత్తెనపల్లిలో ఉన్నావు గదా వదినా. మిషను ఆగిపోయిందని నేను ఫోన్ చేస్తే, అప్పుడే అక్కణ్ణించి బస్సెక్కానన్నావు."

సుందరి ఫోను మీద చెయ్యి అలాగే ఉంచింది. దానియేలు భార్య వైపు చూశాడు. క్షమించమని ఆమె అడగలేదు, అడగాల్సిన పనిలేదని ఆయనా అనలేదు. ఇద్దరూ ఒక పక్కకు వచ్చేశారు, అంతే. ఆ పక్కన కూతురికి చోటు లేదు. ఆమె చెప్పిన నిజాన్ని తల్లీ తండ్రీ కలిసి అబద్ధం చేసేశారు, ప్రేమతోనే.

వీధిలో వ్యాను హారన్ కొట్టింది. పిడుగురాళ్ళ వాళ్ళు వచ్చారు. తాళ్ళూ గొలుసులూ దించుతున్న చప్పుడు. ఎవరో గుమ్మంలో స్టూలు పక్కకు జరిపారు.

ముర్తుజా సుందరి వేళ్ళ కిందనుంచి ఫోను మెల్లిగా లాగి ఏంజెల్ ముందు పెట్టాడు. తన నోటి నుంచి ఒక్క మాట బయటికి పోదన్నాడు. వాళ్ళిద్దరూ ఏది చెప్పమంటే ఊళ్ళో అదే చెబుతానన్నాడు. ఆనంద్ బాబును కూడా ఏమీ అననన్నాడు.

"కానీ లేతు పోతే మళ్ళా రాదమ్మా. మీ నాన్న పేరూ అంతే. వాళ్ళని ఎనక్కి పంపనా, లోపలికి రమ్మననా? నువ్వే చెప్పు."

"రమ్మను," అన్నాడు దానియేలు.

"రమ్మను భాయ్," అంది సుందరి కూడా. పొద్దుటి నుంచి గుమ్మం కదలని మనిషి.

ఏంజెల్ ఫోను తీసుకుని లేచింది. తండ్రి అడ్డొచ్చాడు. పక్కనుంచి తప్పుకుని షెడ్డులోకి నడిచింది. లేతు దాటింది. గుమ్మంలో తాళ్ళు పట్టుకుని నలుగురు మనుషులున్నారు. వాళ్ళ వెనక గిన్నె చేత్తో పట్టుకుని నిర్మల, ఆవిడ వెనక సగం వీధి. అందరికీ అవతల, ముర్తుజా బండి పక్కన, తల వంచుకుని ఆనంద్ బాబు ఉన్నాడు.

ఆ రోజు రికార్డు వెతికి, స్పీకరు మీద పెట్టి, సౌండు చివరిదాకా పెంచింది. వెనక నుంచి "వద్దే" అంది తల్లి.

వేలు ఆన్చింది. అద్దం చల్లగా తగిలింది.

ముందు లేతు రొద వినపడింది. ఆ రొదలోంచి, ఏ దిగులూ ఎరగని ఆడపిల్ల గొంతొకటి నవ్వుతూ వీధిలోకి వచ్చింది.

"హలో ఆనందన్నా, నాన్న పనిలో ఉన్నాడు. నాతో చెప్పు."